ఒక్కో దీపం ఒక్కో బిడ్డ

మా వదిన గోడ ముందు నిలబడి అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించింది కాదు. చికిత్సల గురించి అడుగుతుందనుకున్నాను, తిండి గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె మాత్రం కొంగు చేతికి చుట్టుకుని, నా వైపు చూడకుండా, "ఆ సూది వల్లేనా అని అడుగు విశాలీ" అంది.

ఏ సూదో నాకు చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లుగా మా ఇంట్లో నలుగుతున్న సూది అది ఒక్కటే. వదిన కూతురు హంసినికి ఏడాదిన్నర వయసులో వేయించిన టీకా. అప్పటికి పిల్ల అయిదారు మాటలు అనేది. ఆ తర్వాత ఆ మాటలు ఒక్కొక్కటే పోయాయి. గుంటూరు డాక్టరు గారు ఆటిజం అని చెప్పేలోపే మా అమ్మ తీర్పు ఇచ్చేసింది. "జలుబుతో ఉన్న పిల్లకి సూదేంది అని నేనంటానే ఉన్నా. నా మాట విన్నదా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది. వచ్చినవాళ్లు తలలూపి, కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. మర్నాడు వాళ్ల ఫోన్లలోంచి ఆ మాటకు వంత పాడే వీడియోలు మా కుటుంబం గ్రూపులో పడేవి. ఇలాంటి పనికి మాత్రం మా బంధువులకు ఎక్కడలేని తీరిక దొరుకుతుంది. వదిన దేనికీ జవాబిచ్చేది కాదు. కానీ ప్రతి వీడియో చివరిదాకా చూసేది.

"అడుగుతాను గానీ, కళ్లు కాస్త మూసుకో" అన్నాను.

"ఎందుకు?"

"చెప్పింది చెయ్యి వదినా. ప్రతిదానికీ ఎందుకు అంటావేం."

బాపట్లలో మా పరిశోధనశాల వెనక గదిలో ఉంది ఆ గోడ. నేలనుంచి పైకప్పు దాకా ఆవగింజంత దీపాలు. ఆటిజం గురించి ఎవరైనా ఒక మాట అంటే, మా యంత్రం ఆ మాట పుట్టిన చోటు వెతుక్కుంటూ వెనక్కి నడుస్తుంది. వీడియో చేసినాయన ఎవరి దగ్గర విన్నాడు, ఆయనకు చెప్పినవాళ్లు ఎక్కడ చదివారు, అది రాసినవాళ్లు దేన్ని చూసి రాశారు అని ఒక్కో మెట్టూ దిగి, చివరికి ఎవరో ఒకరు నిజంగా ఒక బిడ్డ ఎదురుగా కూర్చుని పరీక్షించిన చోట ఆగుతుంది. అలా పరీక్షించిన ఒక్కో బిడ్డకీ ఒక్కో దీపం. మాటను బలపరిస్తే ఎడమవైపు, కాదంటే కుడివైపు. అంతే. లక్షమంది పంచుకున్న వీడియోకి ఒక్క దీపం కూడా వెలగకపోవడం మాకు రోజూ చూసే సంగతే.

నేను ప్రశ్న చదివాను. ఎడమవైపు పన్నెండు దీపాలు వెలిగాయి, వెంటనే నల్లబడిపోయాయి. ఆ పన్నెండుమంది పిల్లల గురించి వ్యాసం రాసినాయన చెప్పింది నిజం కాదని తేలి, వేసిన పత్రికే దాన్ని ఎన్నడో వెనక్కి తీసుకుంది. తర్వాత కుడివైపు మొదలైంది. కింద వరస, దాని మీద వరస, ఆ పైన ఇంకొకటి, చూస్తుండగానే సగం గోడ తెల్లగా మండింది. దీపాలు చాలక ఒక్కోటి వందమందికి లెక్కగా మారింది. గదిలో మా నీడలు వెనక గోడ మీదికి వెళ్లిపోయాయి.

వదిన కళ్లు మూసుకోమంటే మూసుకునే మనిషి కాదు. చెయ్యి అడ్డం పెట్టుకుని వేళ్ల సందులోంచి చూస్తూ, "ఇవన్నీ పిల్లలేనా?" అంది.

"పిల్లలే. టీకా వేయించుకున్నవాళ్లు, వేయించుకోనివాళ్లు. ఏళ్ల తరబడి చూశారు. తేడా లేదు. సూది వల్ల కాదు వదినా. నీ వల్ల కాదు."

ఆమె ఏడుస్తుందని తెలుసు. ఏడ్చింది కూడా. కానీ ముందు చేతులు జోడించింది. గోడకి దండం పెట్టింది. "ఎవరి బిడ్డలో ఏమో. వాళ్లమ్మలు చూడనిచ్చారు గాబట్టే గదా నాకియ్యాల ఇది తెలిసింది" అంది.

మా వదిన ప్రసూన తీరే అంత. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి చెప్పి దిగుతుంది. గ్యాసు బండ తెచ్చినతనికి మజ్జిగ ఇస్తుంది. బిల్లు ఇచ్చే యంత్రానికి కూడా థాంక్స్ చెప్పగలదని నేను ఏడిపించేదాన్ని. ఆ రోజు ఏడిపించలేదు.

ఆ సాయంత్రం అన్నయ్యే అమ్మకి సంగతంతా చెప్పాడు. తప్పయిందనడం ఆమెకు చేతకాదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అందరికంటే ముందు వదిన కంచంలో వడ్డించి, నెయ్యి కాస్త ఎక్కువే వేసింది. "అత్తయ్యా, చాలు చాలు" అంటూనే వదిన అదంతా తినేసింది.

*

గోడ అప్పటికి బయటి ప్రపంచానికి తెలియదు. పరీక్ష కోసం కొన్ని కుటుంబాలను మాత్రం పిలిచి, వాళ్ల ప్రశ్నలు వాళ్లనే అడగనిచ్చేవాళ్లం. వాటిలో మా అన్నయ్య కుటుంబం ఒకటి, చీరాల నుంచి వచ్చే మస్తాన్‌రావు కుటుంబం ఒకటి. మస్తాన్‌రావు మగ్గం నేస్తాడు. అతని కొడుకు అభిరామ్‌కి ఏడేళ్లు. హంసినిలాగే మాటల్లేవు, హంసినిలాగే ఫిట్స్ కూడా ఉన్నాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఈ రెండోది కూడా తోడవుతుంది. ఇద్దరు పిల్లలూ పొద్దునా సాయంత్రం మాత్రలు మింగుతారు. వదినకీ మస్తాన్‌రావు భార్యకీ అక్కడే స్నేహం కుదిరింది.

గోడ వల్ల మా ఇంట్లో చాలా మారింది. గాడిదపాలు, విదేశీ చుక్కమందు, గోధుమలు మానేయడం, అన్నిటినీ వదిన ఒక్కొక్కటిగా అడిగింది. కొన్నిటికి చీకటి, కొన్నిటికి నాలుగు దీపాలు. బొమ్మల కార్డులు చూపించి పిల్లచేత అడిగించడం గురించి అడిగితే మాత్రం తెల్ల దీపాలు గుంపుగా వెలిగి నిలబడ్డాయి. ఆ వారమే వదిన గ్లాసు, అన్నం, ఊయల, చెప్పులు బొమ్మలు గీసి అట్టలకి అంటించింది. ఒకరోజు హంసిని గ్లాసు బొమ్మ తెచ్చి మా అమ్మ ఒళ్లో పడేసింది. అమ్మ నీళ్లు పట్టుకొచ్చే తొందరలో చెంబు కింద పడేసి ఇల్లంతా తడిపింది.

అప్పుడే వచ్చింది కంపన చికిత్స సంగతి.

సన్నగా వణికే పీట మీద పిల్లల్ని రోజుకు గంటసేపు కూర్చోబెడితే, కొన్ని నెలలకు మాట వస్తుందట. ఒక పెద్ద ఊళ్లో కొత్తగా తెరిచిన కేంద్రం వాళ్లు చెప్పారు. వదినా, మస్తాన్‌రావు భార్యా ఇద్దరూ ఫోన్ చేసి కనుక్కున్నారు. ఒక్కటే షరతు. ఫిట్స్ మాత్రలు ముందుగానే ఆపేయాలి, ఆ మందు మెదడుని మొద్దుబారుస్తుంది కాబట్టి కంపనం పట్టదట. గుంటూరు డాక్టరు గారు ఒప్పుకోలేదు. "ఆయన పాతకాలం మనిషి, కొత్త పరిశోధన ఆయన దాకా రాలేదు" అన్నారు కేంద్రం వాళ్లు.

"కొత్తో పాతో గోడే చెప్తది" అన్నాడు మస్తాన్‌రావు. గురువారం రెండు కుటుంబాలూ కలిసి వచ్చాయి.

ఆ రోజు గోడ దగ్గర ఉన్నది ఖాదర్ బాషా గారు. యంత్రం కట్టింది ఆయనే, నేను దానికి చదవడం నేర్పాను. దీపం పసుపు రంగులో ఉంటే ఏమిటి, తెల్లగా ఉంటే ఏమిటి అని మస్తాన్‌రావు అడిగితే, ఆయన ఓపిగ్గా చెప్పారు.

"ఒకరు చూసి చెప్తే పసుపు. వాళ్లతో సంబంధం లేని ఇంకొకరు, ఇంకో చోట చూసి అదే చెప్తే తెలుపు. ఒకే ఇంట్లో వాళ్లు ఒకరి మాట ఒకరు బలపరిస్తే లెక్కలోకి రాదు."

"ఒకే ఇల్లని దానికెట్టా తెలుసుద్దండీ?"

"ఇంటిపేరు, మస్తాన్‌రావ్. ఇంటిపేరు ఒకటైతే పసుపుగానే ఉంచుద్ది. వేరైతే మనిషీ వేరు, ఇల్లూ వేరు."

మస్తాన్‌రావు తలూపాడు. మనవాళ్లకి ఇంతకంటే సులువుగా అర్థమయ్యే లెక్క లేదు. ఒకే పేరు వీధికి ముగ్గురికి ఉంటుంది, వేరు చేసేది ఇంటిపేరే. సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగేదీ అదే. ఆ నియమం పెట్టిన కొత్తలో యంత్రం దేశంలోని షేక్‌లందరినీ ఒకే ఇంటివాళ్లుగా లెక్కేసి ఖాదర్ బాషా గారి ప్రాణం తీసింది. "మా వాళ్లందరూ అన్నదమ్ములైతే పెళ్లిళ్లెట్టా జరుగుతున్నాయమ్మా" అని ఆయన వారం రోజులు కూర్చుని దాన్ని సరిచేశారు. ఆ ఒక్క ముల్లూ తీసేశాం గదా, ఇక నడక సాఫీ అనుకున్నాం.

నేను ప్రశ్న చదివాను. "కంపన చికిత్సతో ఆటిజం ఉన్న పిల్లలకు మాట పెరుగుతుంది." ఎడమవైపు ఇరవై చిల్లర దీపాలు పసుపుగా వెలిగాయి. కింద పేరు పడింది, కొలిపాక ఎస్., నెల్లూరు. కాసేపటికి పక్కనే ఇంకో ఇరవై. అద్దంకి ఎస్., అనంతపురం. ఇళ్లు వేరు, ఊళ్లు వేరు, పిల్లల వయసులు వేరు. రెండు గుంపులూ ఒకేసారి తెల్లబడ్డాయి.

మస్తాన్‌రావు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వదిన నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. గుంటూరు డాక్టరు గారి మాట మా దీపాల ముందు నిలవలేదు. నిజానికి నేను అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఈ చికిత్స హంసినిలాంటి పిల్లల మీద, ఫిట్స్ ఉన్న పిల్లల మీద ఎవరైనా చేసి చూశారా అని. అది నాకు తట్టలేదు.

"ఆదివారం నుంచి మాత్రలు ఆపమన్నారు. సోమవారం రమ్మన్నారు" అంది వదిన.

"మమ్మల్నైతే నిన్నటి నుంచే ఆపమన్నారు. ఇయ్యాల్టి నుంచి ఆపుతున్నాం" అంది మస్తాన్‌రావు భార్య.

*

శనివారం పొద్దున మా ఇల్లంతా వేగిన మినుముల వాసన. అమ్మ సున్నుండలు చుడుతోంది. వదిన రెండు స్టీలు డబ్బాలు కడిగి తుడిచి పెట్టుకుంది.

"ఎవరికి ఇవన్నీ?" అన్నాను.

"ఆ ఇద్దరు డాక్టర్లకీ. నెల్లూరాయనకొకటి, అనంతపురమాయనకొకటి."

"వదినా, వాళ్లు వ్యాసాలు రాసుకున్నారు. వ్యాసం రాసినవాళ్లకి ఎవరైనా సున్నుండలు పంపుతారా?"

"పంపకపోతే వాళ్లకెట్టా తెలుసుద్ది, మనకి మేలు జరిగిందని? నువ్వు ఇన్నేళ్లు పని చేస్తున్నావు గదా, ఎవరన్నా ఫోను చేసి బాగుందన్నారా?"

ఎవరూ అనలేదు. ఆ మాట ఆమె మొహం మీద ఒప్పుకోవడం ఇష్టం లేక ఒక సున్నుండ తీసి నోట్లో వేసుకున్నాను. అమ్మ నా చేతి మీద ఒకటి వేసింది.

వ్యాసాల్లో ఉన్న రెండు కాలేజీలకీ వదిన ముందురోజే ఫోన్ చేసి, అక్కడివాళ్లని బతిమాలి నంబర్లు సంపాదించింది. డాక్టర్లిద్దరూ అక్కడ పని మానేసి చాలా కాలమైందట. మొదటి నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేద్దామని దాన్ని "కొలిపాక డాక్టర్ గారు" అని ఫోన్లో దాచుకుంది. రెండో నంబరు కొట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆగింది.

"ఇదేంది విశాలీ, నేను అనంతపురం నంబరు కొడతంటే ఇది కొలిపాక వారి పేరు చూపిస్తోంది."

"తప్పు కొట్టుంటావు."

మళ్లీ అంకె అంకె చూసుకుంటూ కొట్టింది. మళ్లీ అదే పేరు. ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం. అప్పుడే ఆ నంబరు నుంచి తిరిగి ఫోన్ వచ్చింది. వదిన స్పీకర్ పెట్టింది.

"ఇందాక ఫోన్ చేశారు. ఎవరండీ?" ఆడగొంతు.

"కొలిపాక డాక్టరు గారేనాండీ?"

"అవునమ్మా. అంటే, ఇప్పుడు కాదు. పెళ్లయ్యాక అద్దంకి. సుభాషిణి నా పేరు. చెప్పండి."

వదినకి ఇంకా అర్థం కాలేదు. నాకు అయింది.

"కంపన పీట మీద నెల్లూరులో ఒక వ్యాసం, అనంతపురంలో ఒక వ్యాసం. రెండూ మీరే రాశారా అండీ?" అన్నాను.

"రెండూ నేనే. అబ్బో, ఎప్పటివో. వాటి గురించి నాకు ఫోన్ చేసిన మొదటి మనుషులు మీరే" అని నవ్విందామె. ఆ నవ్వులో నిజమైన సంతోషం ఉంది.

"మరి పిల్లలు?"

"వాళ్లే పిల్లలండీ. పెళ్లయి అనంతపురం వచ్చాక ఏడాదికి మళ్లీ వెళ్లి వాళ్లనే చూశాను. వేరే పిల్లలని ఎక్కడా రాయలేదు. అదే పిల్లలని కూడా రాయలేదనుకోండి. రాయాల్సింది. అప్పుడు తోచలేదు."

వదిన మాట్లాడింది. గొంతు మెల్లగానే ఉంది. "అమ్మా, మా పాపకి ఫిట్స్ ఉన్నాయి. మీ వ్యాసాలు చూపించి, రేపటి నుంచి మాత్రలు ఆపమన్నారు."

"ఎవరన్నారు ఆ మాట?" అందామె. ఇందాకటి నవ్వు పోయింది. "తల్లీ, నేను చెప్పేది విను. ఫిట్స్ ఉన్న పిల్లల్ని నేను అసలు తీసుకోలేదు. ఒక్కర్ని కూడా. భయమేసి తీసుకోలేదు. మాత్రలు ఆపమని నేనెక్కడా అనలేదు. మీ డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. ఆపనని నాకు మాటివ్వు."

"ఆపను" అంది వదిన.

"పిల్లలు కాస్త కుదురుగా కూర్చున్నారు. కొందరు ఒకట్రెండు మాటలు ఎక్కువ అన్నారు. నేను చూసింది అంతే. దాని మీద ఎవరో దుకాణం తెరుస్తారనుకోలేదమ్మా" అని ఆమె ఏడ్చింది.

వదిన ఆమెని ఓదార్చింది. ఒక తల్లి, తన బిడ్డని ప్రమాదం అంచుదాకా తీసుకెళ్లిన వ్యాసం రాసిన మనిషిని, "మీరు నిజం చెప్పారు, నా బిడ్డని కాపాడారు" అని ఓదార్చింది. అడ్రసు రాసుకుంది. ఫోన్ పెట్టేసి హంసిని దగ్గరికి వెళ్లింది. పిల్ల కిటికీ దగ్గర కూర్చుని తెర అంచు వేళ్ల మధ్య తిప్పుకుంటోంది. వదిన పొద్దుటి మాత్ర వేసిందో లేదో చూసుకుంది. వేసింది. అప్పుడు ఒక్కసారిగా నా వైపు తిరిగి, "మస్తాన్‌రావు వాళ్లు గురువారం నుంచే ఆపారు" అంది.

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అన్నయ్య బండి తీశాడు.

*

చీరాలలో వాళ్ల ఇంటికి తాళం. పక్కింటామె ఆసుపత్రి పేరు చెప్పింది. పొద్దున్నుంచి అభిరామ్‌కి ఫిట్స్ ఒకదాని మీద ఒకటి వచ్చాయట. ఆగలేదట. మేం వెళ్లేసరికి పిల్లాడిని లోపల గాజు తలుపుల గదిలో పెట్టారు. మస్తాన్‌రావు భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. వదిన వెళ్లి పక్కన కూర్చుంది.

మస్తాన్‌రావు నన్ను చూసి లేచాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మస్తాన్‌రావు గారూ, గోడ తప్పు చెప్పింది. తప్పు మాది" అన్నాను. ఇద్దరు డాక్టర్లు ఒక్కరేనని, దీపాలు రెట్టింపు వెలిగాయని, ఫిట్స్ ఉన్న పిల్లలు అందులో లేనేలేరని చెప్పాను.

ఆయన అంతా విని, "లోపలి డాక్టరు గారికి చెప్పండి. మాత్రలు ఎందుకాపామో నేను చెప్తే తిడుతున్నారు. మీరు చెప్తే వింటారు" అన్నాడు. నేను వెళ్లి చెప్పాను. ఆయన నన్నూ తిట్టాడు. పడ్డాను. పడాల్సిందే.

ఆ రాత్రికి ఫిట్స్ ఆగాయి. మర్నాడు అభిరామ్ కళ్లు తెరిచాడు.

సోమవారం ఖాదర్ బాషా గారు గోడకి విద్యుత్తు తీసేసి, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "షేక్‌ల గొడవ సరిచేశాను గానీ, పెళ్లయితే ఆడవాళ్ల ఇంటిపేరు మారుద్దని నా బుర్రకి తట్టలేదమ్మా. మా ఇంట్లో మారదు గదా" అన్నారు.

"నాకూ తట్టలేదు. నేను ఆడదాన్నే" అన్నాను.

నాతో వచ్చిన వదిన చీకటి గోడని చూస్తూ, "నా ఇంటిపేరు మారింది, అత్తయ్యదీ మారింది. మీ గోడకి మేమిద్దరం ఎంతమందిమి?" అంది.

"నలుగురు" అన్నాను.

ఆమె నవ్వలేదు. మేమూ నవ్వలేదు.

సరిచేయడానికి మాకు చాలా కాలం పట్టింది. ఆడవాళ్లు రాసిన ప్రతి వ్యాసం వెనకా మనిషిని వెతుక్కుంటూ వెళ్లాం. ఎవరిని చూశారో, ఎవరిని వదిలేశారో కూడా గోడ తనంతట తానే చెప్పేలా చేశాం. ఎన్నో తెల్ల దీపాలు పసుపయ్యాయి. కంపన చికిత్స దీపాలు సగం ఆరిపోయి, మిగతావి పసుపుబారాయి. బొమ్మల కార్డులవీ, ఇంకొన్నీ తెల్లగానే ఉన్నాయి. సుభాషిణి గారు మాతో పాటు కూర్చుని పని చేశారు. సున్నుండల డబ్బా ఆవిడ చేతికే ఇచ్చాం, రెండోది కూడా ఆవిడకే. అవే పిల్లలని చెప్పని రెండో వ్యాసానికి ఆవిడే దిద్దుబాటు రాసి పత్రికకి పంపారు. ఆవిడ మీద నాకు కోపం రావాల్సింది, రాలేదు. తిరిగి ఫోన్ చేసిన మనిషి ఆవిడ. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు, చెప్పలేదు.

*

అభిరామ్ ఇంటికొచ్చిన కొన్ని వారాలకు మస్తాన్‌రావు ఒక్కడే పరిశోధనశాలకు వచ్చాడు. నేను కాఫీ తెప్పించాను. ముట్టలేదు.

"ఎట్టా ఉన్నాడు?" అన్నాను.

"బానే ఉన్నాడు. మునుపు నేను మగ్గం ఆపితే వచ్చి, నా చెయ్యి పట్టుకుని మళ్లీ మగ్గం మీద పెట్టేవాడు. ఇప్పుడు రావట్లా. వస్తాడంట, టైము పడుద్దంట." గోడ వైపు తిరిగాడు. "అమ్మా, గోడ మళ్లీ వెలిగిస్తారంట గదా. మా వాడికొక దీపం పెట్టండి."

నాకు అర్థం కాలేదు.

"మాత్రలు ఆపితే వాడికి ఏమైందో అది అందులో ఉందా? లేదు గదా. రేపు ఇంకో అమ్మ వచ్చి ఇదే అడుగుద్ది. వాళ్లకి ఎడంపక్క దీపాలే కనపడతాయి. కుడిపక్క మా వాడు ఉండాల."

శాస్త్రం చదువుకున్న నోరు నాది. వెంటనే, "ఒక్క బిడ్డకి జరిగినదాన్ని బట్టి లెక్క కట్టలేమండీ, ఒక్కరైతే..." అని మొదలుపెట్టాను.

"నాకు ఒక్కడేనమ్మా" అన్నాడు.

ఖాదర్ బాషా గారు లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. "పెడతాం మస్తాన్‌రావ్. ఆసుపత్రి డాక్టరు గారు చూసి రాసింది తీసుకుని పెడతాం. కానీ పసుపే పెట్టగలం. ఒక్కరు చూసిందే కాబట్టి తెలుపు చెయ్యలేం. నీ కోసమైనా చెయ్యలేం."

"ఏ రంగైతేనేం. కనపడితే చాలు" అన్నాడు మస్తాన్‌రావు. అప్పుడు కాఫీ తాగాడు.

గోడ మళ్లీ వెలిగింది. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడినుంచైనా ఫోన్లో ఆ గోడని చూసి అడగొచ్చు. అడిగినవాళ్లు కావాలంటే మాతో మాట్లాడొచ్చు. ఆ మాట్లాడే పని నేనే తీసుకున్నాను. వదిన వారానికి రెండు రోజులు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంటుంది. భయపడే తల్లులతో మాట్లాడడం నాకంటే ఆమెకే బాగా వచ్చు. నేను మధ్యలో విసుక్కుంటాను.

మొన్న కందుకూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. నాలుగేళ్ల పాప, ఆటిజం, ఫిట్స్. అదే కేంద్రం, ఇప్పుడు ఇంకో పేరుతో. అదే షరతు.

"ఎడమపక్క కొన్ని పసుపు దీపాలున్నాయండీ. కింద, ఫిట్స్ లేని పిల్లలు మాత్రమే అని రాసుంది" అంది. "కుడిపక్క ఒక్కటే ఉంది. ఆ ఒక్కటి ఏందండీ?"

చెప్పాను. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఒక బిడ్డ, మాత్రలు ఆపిన మూడో రోజు, అని చెప్పాను. వాళ్ల నాన్న అడిగి పెట్టించిన దీపమని చెప్పాను.

ఆమె వెనక ఎక్కడో పాప గొంతు వినిపిస్తోంది, ఏదో శబ్దాన్ని పాటలా సాగదీస్తోంది. "మేం వెళ్లంలెండి. మా డాక్టరు గారినే అడుగుతాం" అంది చివరికి. "ఆ బాబుకి మా దండాలు చెప్తారా అమ్మా?"

చెప్తానన్నాను. నా కళ్లు తుడుచుకుని, వదిన వైపు చూస్తే ఆమె అప్పటికే చీరాల నంబరు కొడుతోంది. స్పీకర్ పెట్టి నా ముందు పెట్టింది.

మస్తాన్‌రావు ఎత్తాడు. నేను కందుకూరు పాప సంగతి చెప్పాను. వాళ్లమ్మ మాత్రలు ఆపడం లేదని చెప్పాను. అభిరామ్‌కి దండాలు చెప్పమందని చెప్పాను.

కంచంలో చెంచా తగిలిన చప్పుడు వినిపించింది.

"వాడు అన్నం తింటున్నాడమ్మా" అన్నాడు. "తిననీండి. తిన్నాక చెప్తాను."